ఆకు మీద వాలినంత మాత్రాన...

2019 లోక్‌సభ ఎన్నికల వార్తల కోసం పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) వెళ్లాను. బస, శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన ఓ కుటుంబం ఇంట్లో. పెరట్లో సొరపాదు ఆకులన్నీ చిల్లులే. ''గుమ్మడి పెంకు పురుగు బాబూ, సముద్రం దాటొచ్చినా వదల్లేదు'' అంది ఆ ఇంటి పెద్దావిడ, ఎర్రటి పురుగును వేళ్ల మధ్య నలిపేస్తూ.

రాజనీతిశాస్త్రం చదివిన నాకు ఆ పురుగు కొత్త పిచ్చి అంటించింది. ఆకులు తినే ఈ పెంకు పురుగుల కుటుంబం (క్రైసోమెలిడే)లో 35,000కు పైగా జాతులున్నాయి. మన వరిలో 'తాటాకు తెగులు' కూడా వీటి పనే. భారత జాతుల్లో చాలావాటిని సమరేంద్ర మౌలిక్ 1919, 1926, 1936 సంపుటాల్లో వర్గీకరించారు. మీసాల కణుపులు, తొడల లావు, రెక్కల మీది గుంటలు... ఇవన్నీ సూదికి గుచ్చిన పురుగును చూసి చెప్పొచ్చు. ఏం తింటుందో మాత్రం చెప్పలేం. ఆకు మీద వాలినంత మాత్రాన అది దాని తిండి కాదు, వానకు తలదాచుకుని ఉండొచ్చు. కొరుకుతుండగా చూడాలి. గుమ్మడి పురుగైతే పెద్దది ఆకు తింటుంది, పిల్ల వేరు తింటుంది.

పంట మీద పడ్డ పురుగు తిండి సంగతి రైతే చెబుతాడు. అడవి పురుగు సంగతి తెలియాలంటే అడవి ఉండాలి. గ్రేట్ నికోబార్‌లో 2022లో పర్యావరణ అనుమతి పొందిన భారీ ప్రాజెక్టుకు దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవి కావాలి. 2023లో పార్లమెంటుకు చెప్పిన అంచనా ప్రకారం 9.64 లక్షల చెట్లు. బదులుగా మొక్కలు నాటేందుకు ప్రతిపాదించింది హర్యానాలో! నికోబార్ ఆకుకే అలవాటుపడ్డ పురుగు అక్కడిదాకా ఎలా వెళ్తుందో, వెళ్లి ఏం తింటుందో అనుమతి ఇచ్చినవారినే అడగాలి.