ఫస్ట్ ఎవరు రాసిండ్రు?



కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి. ఇన్నాళ్లూ మాలో మేమే మాట్లాడుకున్న ఒక సంగతి ఈ రోజు అందరి ముందు పెడుతున్నాం.

మూడేళ్ల కింద మేమున్న హాస్టల్లో వారం రోజులు పురుగుల అన్నం పెట్టారు. డిగ్రీ ఫస్టియర్ చెల్లె ఒకామె కంచం ఫోటో తీసి, నాలుగు లైన్లు రాసి మా గ్రూపులో పెట్టింది. మేమందరం ఫార్వర్డ్ చేశాం. సాయంత్రానికి అది మండలం దాటింది.

తెల్లారి పైనుంచి ఒక సారు వచ్చాడు. బియ్యం బస్తా విప్పి చూడలేదు, వంటగదిలో కాలు పెట్టలేదు. మమ్మల్ని వరండాలో లైనుగా నిలబెట్టి ఒక్కటే మాట అడిగాడు: "ఫస్ట్ ఎవరు రాసిండ్రు?"

ఎవరం నోరు తెరవలేదు. "ఫోన్లు బల్ల మీద పెట్టుండ్రి. లాక్ తియ్యుండ్రి" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరం పోయి వేలు పెట్టి లాక్ తీశాం. ఆ ఫోన్లలో అన్నం ఫోటో ఒక్కటే ఉందా? ఇంట్లో అప్పుల గోస ఉంది. ఒకరి రక్త పరీక్ష రిపోర్టు ఉంది. ఆగిపోయిన అక్క పెళ్లి కబురుంది. పోడు భూమి కాగితాలున్నాయి. అన్నీ చూశాడు. చెల్లె పేరు దొరికింది. మేం నోటితో చెప్పలేదు, వేలితో చెప్పాం.

పది రోజులకు బియ్యం మారింది. చెల్లె కూడా మారిపోయింది. ఆ తర్వాత ఏ గ్రూపులోనూ ఆమె ఒక్క అక్షరం రాయలేదు. ఆ సిగ్గు మాకు ఇంకా పోలేదు.

ఇప్పుడెందుకు చెప్తున్నామంటే, ఆ సారు అడిగిన ప్రశ్నే దేశమంతటికీ రూలుగా వచ్చింది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనల్లో 4(2) చదవండి. 50 లక్షల మందికి పైగా వాడే మెసేజింగ్ కంపెనీని కోర్టు గానీ, చట్టం అధికారమిచ్చిన అధికారి గానీ ఆదేశిస్తే, ఒక మెసేజ్‌ను దేశంలో మొదట పంపింది ఎవరో అది చెప్పాలి. ఆ ఏడాది మేలోనే వాట్సాప్ దీని మీద ఢిల్లీ హైకోర్టుకు పోయింది.

వాట్సాప్ మనకు చుట్టమేం కాదు. మనం ఎవరితో, ఎప్పుడు మాట్లాడామన్న లెక్కలు దాని దగ్గరుంటాయి. దాని గొడవ దాని వ్యాపారానిది. మన గొడవ వేరు.

ఎన్‌క్రిప్షన్ అంటే పెద్ద మాటేం కాదు. మన మెసేజ్ మన ఫోన్లోనే తాళం వేసుకుని బయల్దేరుతుంది, అవతలివాళ్ల ఫోన్లోనే తాళం తీస్తుంది. మధ్యలో మోసే కంపెనీ దగ్గర కూడా తాళంచెవి ఉండదు. మరి మొదట ఎవరు పంపారో చెప్పాలంటే? రేపు ఏ మెసేజ్ గురించి అడుగుతారో ముందే తెలియదు కదా. కాబట్టి కోట్ల మంది పంపే ప్రతి మెసేజ్‌కూ ఒక గుర్తు వేసి పెట్టుకోవాలి. ఒక్క దొంగ కోసం ఊరందరి వేలిముద్రలు తీసుకున్నట్టు.

వేలిముద్రలంటే మా రూమ్మేట్ ఎరుకల తమ్ముడి మాట చెప్పాలి. ఆ రోజు రాత్రి వాడన్నాడు: "అన్నా, మాకిది కొత్త కాదే. మా ముత్తాత దగ్గర కూడా వేలే అడిగిండ్రంట." అది నిజం. బ్రిటిషోళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. నేరం చేశారా లేదా అని కాదు, ఏ కులంలో పుట్టారన్నదే లెక్క. పేరు రిజిస్టర్లో ఎక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లా ఎరుకల వాళ్లను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటే. ఆ చట్టం 1952లో పోయింది. ఆ ముద్ర ఇంకా పోలేదని ఆ తమ్ముణ్ణి అడిగితే చెప్తాడు.

"తప్పు చేయనోడికి భయమెందుకు?" అని మనలోనే కొందరంటున్నారు. ఆ రిజిస్టర్లో ఎక్కిన పిల్లలు ఏం తప్పు చేశారు?

సర్కారు చెప్పేదాంట్లో అసలు న్యాయమే లేదని మేం అనట్లేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని పుకారు పుట్టి, మన తెలంగాణలో కూడా అమాయకులను కొట్టి చంపారు. పసిపిల్లల అసభ్య వీడియోలు పంచేవాళ్లను పట్టుకోవాల్సిందే. కానీ అదే 2018లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఏం చేశారు? కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపారు. డప్పులతో, పాటలతో ఇది పుకారని జనానికి చెప్పించారు. ఎవరి తాళమూ పగలగొట్టలేదు. నేరగాడిని పట్టాలంటే అనుమానమున్నవాడి మీద ఆధారం చూపి, చట్టం ప్రకారం వాడి ఫోన్ తీసుకోవచ్చు. అందరి ఇంటి తాళాలూ వదులు చేయక్కర్లేదు.

వదులు చేసిన తాళం ఎవరికైనా తెరుచుకుంటుంది. లోపలికొచ్చినవాడు చదివి ఊరుకుంటాడని కూడా లేదు. జార్ఖండ్ ఆదివాసీల భూమి కోసం, జైళ్లలో మగ్గే మన పిల్లల కోసం పనిచేసిన ఫాదర్ స్టాన్ స్వామిని 2020 అక్టోబరులో అరెస్టు చేశారు. 84 ఏళ్ల వయసులో, 2021 జూలై 5న, ఖైదీగానే చనిపోయారు. ఆయన కంప్యూటర్లోకి ఎవరో దొంగతనంగా చొరబడి ఫైళ్లు పెట్టారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ 2022లో నివేదిక ఇచ్చింది. అంటే "మొదట ఎవరు రాశారు" అని మిషన్‌ను అడిగితే, అది రాయనివాడి పేరు కూడా చెప్పగలదు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలు ఒకే మాటగా చెప్పారు, గోప్యత మన ప్రాథమిక హక్కు అని. పుట్టస్వామి కేసు అంటారు. పోటీ పరీక్షల కోసం బట్టీ పట్టి వదిలేయకండి, అది మన గురించే.

చివరగా పని మాట. ఎన్‌క్రిప్షన్ దారిలోనే కాపాడుతుంది, తెరిచిన ఫోన్‌ను కాపాడదు. అందుకే టూ స్టెప్ పిన్ పెట్టుకోండి. బ్యాకప్‌కు కూడా ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి. కష్టం చెప్పుకునే గ్రూపుల్లో మెసేజ్‌లు వాటంతటవే పోయే సెట్టింగ్ పెట్టండి. ఎవరైనా ఫోన్ అడిగితే "ఏ కాగితం మీద అడుగుతున్నరు సార్?" అని అడగండి. ఒక్కరే అడిగితే భయమేస్తుంది. పదిమంది కలిసి అడగండి.

ఆ రోజు వరండాలో మేం పదిమందిమి కాదు, నలభై మందిమి ఉన్నాం. ఒక్కరం కూడా అడగలేదు.

చెల్లె, నువ్వు ఈ గ్రూపులోనే ఉన్నావని మాకు తెలుసు. మమ్మల్ని క్షమించు. నీకు రాయాలనిపించినప్పుడు రాయి. ఈసారి ఫస్ట్ ఎవరు రాసిండ్రని అడిగితే అందరం చెయ్యి లేపుతాం.

జోహార్.