అమ్మ కాళ్ల మంటలు

రాత్రి రెండింటికి బాత్రూమ్‌లో లైటు వెలుగుతుంటే లేచి వెళ్లాను. అమ్మ స్టూలు మీద కూర్చుని, అరికాళ్లు రెండూ చల్లటి టైల్స్‌కి ఆనించి ఉంది. బయట న్యూజెర్సీ జనవరి చలి. "నిప్పుల మీద నిలబడ్డట్టుందే. నువ్వు పడుకో, పొద్దున్నే ఆఫీసుంది" అంది.

నాన్న పోయాక అమ్మ భీమవరం ఇంటికి తాళం వేసి మా దగ్గరికి వచ్చేసి ఐదేళ్లయింది. షుగర్ పన్నెండేళ్లుగా ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. కాళ్ల తిమ్మిర్లు, మంటలు అంటే "షుగర్ కదా, మామూలే" అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. నడుస్తుంటే చెప్పు జారిపోయినా ఆమెకి తెలిసేది కాదు. నాలుగడుగులు వేశాక నేనే వెనక్కి వెళ్లి తెచ్చి తొడిగేదాన్ని.

కొత్త డాక్టరు గారు మాత్రం మందుల కంటే ముందు తిండి గురించి అడిగారు. "పాలు తాగుతారా?" ఇక్కడి పాలు వాసనని అమ్మ ఎప్పుడో మానేసింది. పెరుగు బదులు చారుతోనే ముగించేది. కాఫీకి బాదం పాలు తెచ్చింది నేనే. డాక్టరు గారు బి12 విటమిన్ లోటేమో అన్నారు. ఇంటికొచ్చి డబ్బా తిప్పి చదివితే, అందులో అది కలపనే లేదు.

రక్తపరీక్షలో బి12 బాగా తక్కువని తేలింది. నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర నిలబడాలంటే ఈ విటమిన్ కావాలి. పెద్దవాళ్లకి రోజుకి 2.4 మైక్రోగ్రాములు చాలు. కానీ అది సహజంగా దొరికేది మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లోనే. పులిసిన ఇడ్లీ పిండిని నమ్ముకుంటే లాభం లేదు. మాలాంటి శాకాహారులకి పాలూ పెరుగే దిక్కు. దానికి తోడు, ఏళ్ల తరబడి వాడే మెట్‌ఫార్మిన్ బి12ని పేగుల్లో సరిగా ఒంటబట్టనివ్వదు. కాలేయంలో దాచుకున్న నిల్వ కొన్నేళ్లు నెట్టుకొస్తుంది కాబట్టి, లోటు బయటపడేసరికి నరాలు దెబ్బతిని ఉండొచ్చు.

బి విటమిన్ల మాట రాగానే మా భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చారు. మాకు దగ్గర్లోనే ఉన్న పెర్ల్ రివర్‌లోని నాటి లెడర్లీ ప్రయోగశాలలో, 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. 1998 నుంచి అమెరికాలో 'ఎన్‌రిచ్డ్' అని అమ్మే మైదా వంటి పిండిలో దాన్ని తప్పనిసరిగా కలుపుతున్నారు. ఎంతోమందికి మేలు చేసిన మందే అది. అయితే బి12 లోటున్నవాళ్లకి ఫోలిక్ ఆమ్లం రక్తహీనతను సరిచేస్తుంది గానీ నరాలను కాపాడలేదు. రక్తం బాగుందని నిశ్చింతగా ఉంటే, లోపల నరం దెబ్బతింటూనే ఉండొచ్చు.

అమ్మకి ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు ఇచ్చారు. రాత్రి అన్నం తగ్గించి షుగర్‌నీ అదుపులో పెట్టాం. పాలు కాచి తోడుపెట్టడం మళ్లీ మొదలైంది. మంటలు నెమ్మదిగా తగ్గాయి. బొటనవేళ్ల మొద్దుబారడం మాత్రం ఇంకా ఉంది. ఆలస్యమైతే పూర్తిగా తిరిగి రాదని డాక్టరు గారు ముందే చెప్పారు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లు కాళ్ల మంటలంటే, దయచేసి మామూలేనని వదిలేయకండి. ఏం తింటున్నారో, ఏం మానేశారో అడగండి. బి12 పరీక్ష చేయించండి.

మొన్న సాయంత్రం వీధి చివరిదాకా నడిచాం. మధ్యలో అమ్మ ఆగింది. "ఉండవే, చెప్పు జారింది" అని తనే వెనక్కి తిరిగి తొడుక్కుంది.