తేలిక బీరు – బరువైన లెక్క

"బీరు మాత్రమేనండీ, అదీ తేలికపాటిదే" అన్న సమాధానమును ప్రభుత్వ వైద్యశాలల ఓ.పి. గదులలో ముప్పై ఏళ్ళకు పైగా విన్నాను. పొట్టలో నీరు చేరినవారు, కళ్ళు పచ్చబడినవారు కూడా ఆ మాటే చెప్పేవారు. వారు అబద్ధమాడుతున్నారని నేను అనుకోలేదు. వారి దృష్టిలో విస్కీ, బ్రాందీ మద్యములు. బీరు దాహము తీర్చే పానీయము. అది ఎంత పలుచగా ఉండి, ఎంత సులభముగా గొంతు దిగితే అంత నిరపాయమైనదని వారి నమ్మకము. తేలికదనము నాలుకకు తెలిసే లక్షణము. కాలేయము లెక్కించేది ఆల్కహాలు గ్రాములను మాత్రమే. ఈ రెంటికీ మధ్యనున్న దూరమును, మా మేనల్లుడు ఇంట్లో బీరు తయారుచేస్తుండగా ప్రక్కన నిలబడి చూచినప్పుడు, మరింత స్పష్టముగా గ్రహించాను.

పదవీ విరమణ తరువాత ఒక ఏడాది, అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రములో కొడుకు దగ్గర ఉంటున్న మా అక్కయ్యను చూడడానికి వెళ్ళి రెండు నెలలు ఉన్నాను. మేనల్లుడికి నలభై దాటాయి, సాఫ్ట్‌వేరు ఉద్యోగము. వారి కారు షెడ్డులో కారుకు చోటు లేదు. పెద్ద స్టీలు పాత్రలు, గొట్టాలు, ఒక పాత ఫ్రిజ్, వరుసలుగా సీసాలు ఉన్నాయి. వెళ్ళిన మూడవ రోజున అక్కయ్య నన్ను ప్రక్కకు పిలిచి, "ఒరే తమ్ముడూ, వాళ్ళ నాన్న కూడా బీరుతోనే మొదలుపెట్టారు. నేను చెబితే వినడు. నువ్వు చెప్పు" అన్నది.

మా బావగారు విస్కీ ముట్టనని గర్వముగా చెప్పుకొనేవారు. రోజూ సాయంత్రము రెండు పెద్ద సీసాల స్ట్రాంగ్ బీరు ఆయన అలవాటు. యాభై నాలుగవ ఏట సిర్రోసిస్‌తో అన్నవాహికలోని ఉబ్బిన సిరలు చిట్లి, రక్తము కక్కుకొని మరణించారు. అప్పటికి మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. కనుక అక్కయ్య భయము అకారణము కాదు. అయితే మందలింపుతో మొదలుపెడితే రోగి తలుపు మూసుకుంటాడని వృత్తి నాకు నేర్పింది. "ఏదిరా, నువ్వు చేసేది చూపించు" అన్నాను. వాడి ముఖము వెలిగింది.

తయారీ

నేనున్న రెండు నెలలలో వాడు ఒక విడత లాగర్ బీరును ఆరంభము నుంచి చివర వరకు చేశాడు. 19 లీటర్ల బీరుకు సుమారు 3 కిలోల పిల్స్‌నర్ మాల్ట్, అనగా మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అర కిలో అటుకులు వాడాడు. అటుకులు భారతీయ దుకాణములో కొన్నవే. బియ్యపు పిండిపదార్థము బీరుకు చిక్కదనము ఇవ్వకుండా ఆల్కహాలును మాత్రమే ఇస్తుంది. అందుకే అమెరికాలోని కొన్ని పెద్ద బీరు కర్మాగారములు కూడా బియ్యము వాడుతాయి. బియ్యమును ముందుగా ఉడికించాలి. అటుకులు తయారీలోనే ఉడికినవి కనుక ఆ శ్రమ లేదు.

మాల్ట్ నూకను, అటుకులను 65 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో గంటసేపు నానబెట్టాడు. మొలకెత్తిన గింజలోని ఎమైలేజ్ ఎంజైములు పిండిపదార్థమును చక్కెరగా మారుస్తాయి. మన లాలాజలములో, క్లోమరసములో ఉండే ఎమైలేజ్ చేసే పని కూడా ఇదే. పిండి మిగిలిందో లేదో చూడడానికి ఒక చుక్క అయొడిన్ వేశాడు. నీలిరంగు రాలేదు. తరువాత ఆ తీపి ద్రవమును వడగట్టి, గంటన్నర మరిగించి, చేదు కొరకు హాప్స్ పువ్వులు వేసి, త్వరగా చల్లార్చి ఈస్ట్ కలిపాడు. ఫ్రిజ్‌లో 10 నుంచి 12 డిగ్రీల మధ్య రెండు వారములు పులియనిచ్చాడు. ఆ చలిలో ఈస్ట్ నెమ్మదిగా పనిచేసి, పండ్ల వాసననిచ్చే ఎస్టర్లను తక్కువగా తయారుచేస్తుంది. ఆ పైన దాదాపు సున్నా డిగ్రీల వద్ద అయిదు వారములు ఉంచాడు. మడ్డి అడుగుకు చేరి, ద్రవము తేరుకున్నది. తేలిక బీరులో ఏ చిన్న లోపమూ దాగదని, అందుచేత చేయడానికి అది అన్నింటికంటె కష్టమని వాడు చెప్పాడు.

శుభ్రత విషయములో వాడి పట్టుదల మా ఆపరేషన్ థియేటరు సిస్టర్లను గుర్తుకు తెచ్చింది. మరిగించిన తరువాత ద్రవమును తాకే ప్రతి వస్తువును క్రిమినాశకముతో కడిగాడు. బీరు తయారీకి వైద్యశాస్త్రము ఋణపడి ఉన్నదని కూడా ఇక్కడ చెప్పాలి. లూయీ పాశ్చర్ 1876లో బీరు చెడిపోవడానికి కారణమైన సూక్ష్మజీవులను గురించి ఒక గ్రంథమే ప్రచురించాడు. 1883లో ఎమిల్ హాన్సెన్ కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కర్మాగారపు పరిశోధనాలయములో ఈస్ట్‌ను శుద్ధమైన ఏకకణ సంతతిగా పెంచాడు. రక్తపు ఆమ్లతను చెప్పడానికి మనము నిత్యము వాడే పీహెచ్ కొలమానమును 1909లో సోరెన్‌సెన్ రూపొందించినది కూడా ఆ పరిశోధనాలయములోనే.

పచ్చి ఆపిల్ వాసన

వారము గడచిన తరువాత వాడు గాజు గొట్టములోకి కొంచెము బీరు తీసి నాకు వాసన చూపించాడు. నేను మద్యము త్రాగను; వాసన మాత్రమే చూచాను. కోసిన పచ్చి ఆపిల్ వాసన వచ్చింది. "ఇంకా పచ్చిగా ఉంది మామయ్యా. అది ఎసిటాల్డిహైడ్. ఈస్ట్ దానిని ఆల్కహాలుగా మార్చేదాకా ఆగాలి. అది మిగిలితే బీరు పనికిరాదు" అన్నాడు.

ఆ పేరు విని నేను అక్కడే కుర్చీ లాక్కొని కూర్చున్నాను. ఈస్ట్ చక్కెరను విడగొట్టి, ఎసిటాల్డిహైడ్ మీదుగా ఆల్కహాలును తయారుచేస్తుంది. మన కాలేయము ఆ చివరి మెట్టును వెనుకకు నడుస్తుంది. ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము ఆల్కహాలును మరల ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. మరొక ఎంజైము దానిని ఎసిటేట్‌గా మార్చి ప్రమాదము తప్పించాలి. ఆ రెండు మెట్ల నడుమ ఉన్నంతసేపు ఎసిటాల్డిహైడ్ కణములలోని మాంసకృత్తులకు, డీఎన్ఏకు అంటుకొని హాని చేస్తుంది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయము, పెద్దప్రేగు, స్తనముల క్యాన్సర్లకు మద్యముతో సంబంధము ఉండడానికి ఇది ఒక ముఖ్య కారణము. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యమును మొదటి తరగతి క్యాన్సరు కారకముగా వర్గీకరించింది.

"నువ్వు అయిదు వారములు ఓపిక పట్టి సీసాలో లేకుండా చేసే పదార్థమును, నీ కాలేయము ప్రతి గ్లాసు తరువాత మళ్ళీ తయారుచేసుకుంటుంది" అన్నాను. వాడు నవ్వలేదు. కొంతసేపు గొట్టము వంక చూస్తూ ఉండిపోయాడు.

హైడ్రోమీటరు చెప్పిన సంగతి

బీరు బలము తెలుసుకొనడానికి వాడు హైడ్రోమీటరు వాడుతాడు. మా రోజులలో ఆసుపత్రి ల్యాబులో మూత్రపు విశిష్ట గురుత్వము చూడడానికి వాడిన యూరినోమీటరు ఇదే పద్ధతిలో పనిచేసేది. పులియకముందు 1.040, పులిసిన తరువాత 1.008 వచ్చింది. ఈ రెండు అంకెల తేడాను 131తో గుణిస్తే ఆల్కహాలు సుమారు 4.2 శాతము. అమెరికాలో 'లైట్' అన్న పేరుతో అమ్మే బీర్లలో చాలావాటి బలము ఇంతే.

ఒక సీసా 355 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాలు సుమారు 12 గ్రాములు. 5 శాతము ఉండే మామూలు బీరు అదే పరిమాణములో 14 గ్రాములు ఇస్తుంది. అంటే ఆరు లైట్ బీర్లు అయిదు మామూలు బీర్లకు సమానము. తేలికగా ఉన్నదని ఒకటి ఎక్కువ త్రాగితే లాభమంతా పోయినట్లే. మన దేశపు అలవాటుకు అన్వయిస్తే, 650 మిల్లీలీటర్ల మామూలు బీరు సీసాలో 5 శాతము చొప్పున సుమారు 26 గ్రాములు, 8 శాతము గల స్ట్రాంగ్ బీరులో 41 గ్రాములు ఉంటాయి. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది సుమారు 10 గ్రాములు. మా బావగారు ప్రతి సాయంత్రము, విస్కీ ముట్టకుండానే, ఎనిమిది పెగ్గులు త్రాగేవారు.

మేనల్లుడి దగ్గర ఒక నోటు పుస్తకము ఉన్నది. మాల్ట్ బరువు, నీటి వేడి, ఈస్ట్ రకము, ప్రతి రోజు ఉష్ణోగ్రత అన్నీ అందులో ఉన్నాయి. "ఎన్ని త్రాగుతావు?" అంటే "శని ఆదివారాలలో రెండో మూడో" అన్నాడు. నేను ఆ పుస్తకములో 'త్రాగినవి' అని మరొక గడి గీసి ఇచ్చాను. వంట చేస్తూ ఒకటి, ఆట చూస్తూ ఒకటి, కొత్త విడత రుచి చూడడానికి ఒకటి, స్నేహితునికి తోడుగా రెండు. మొదటి వారాంతానికి 17 తేలాయి. అనగా 200 గ్రాములు. 2016లో బ్రిటన్ వైద్యాధికారులు వారమునకు మించరాదని సూచించిన మోతాదు 112 గ్రాములు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మద్యపు మోతాదు లేనే లేదని ప్రకటించింది.

"చట్టము ఏడాదికి 100 గ్యాలన్లు అనుమతిస్తుంది మామయ్యా" అన్నాడు వాడు. నిజమే. అమెరికాలో 1979 నుంచి, ఒక వయోజనుడు ఇంటి అవసరానికి ఏడాదికి 100 గ్యాలన్ల బీరు పన్ను లేకుండా చేసుకొనవచ్చును. అది 378 లీటర్లు. రోజుకు లీటరు పైగా, దాదాపు మూడు సీసాలు. అది పన్నుల శాఖ హద్దు. కాలేయపు హద్దు కాదు.

అక్కడి వైద్యుని వద్ద పరీక్షలు చేయించుకొమ్మన్నాను. కాలేయపు ఎంజైములు కొంచెము పెరిగి ఉన్నాయి. స్కానింగులో కాలేయమునకు కొవ్వు పట్టినట్లు తెలిసింది. అదృష్టవశాత్తు నార కట్టలేదు. ఇప్పుడు వాడు 19 లీటర్లకు బదులు 4 లీటర్ల విడతలు, ఏడాదికి మూడు మాత్రమే చేస్తున్నాడు. ఆరు నెలల తరువాత ఎంజైములు తగ్గాయి. కొవ్వు ఇంకా ఉంది. పూర్తిగా మానమని నేను ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. అక్కయ్య బెంగ సగమే తీరింది.

పాఠకులు గమనించవలసినవి

తెలుగు రాష్ట్రములలో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యము తయారుచేయడము అబ్కారీ చట్టము ప్రకారము నేరము. విదేశములో చట్టబద్ధముగా చేసేవారు పులియడము పూర్తి కాకముందే సీసాలలో నింపరాదు. లోపల వాయువు పెరిగి గాజు పగులుతుంది, కళ్ళు పోయే ప్రమాదమున్నది.

బీరు పులియబెట్టడములో ప్రాణాంతకమైనంత మిథనాల్ పుట్టదు. నాటుసారా మరణములకు మూలము సాధారణముగా కల్తీగా కలిపిన పారిశ్రామిక మిథనాల్. కానీ కల్తీ లేని మద్యము హాని లేని మద్యము కాదు.

గర్భిణులు, కాలేయవ్యాధి లేక హెపటైటిస్ ఉన్నవారు, నిద్రమాత్రలు వాడేవారు తేలిక బీరు కూడా త్రాగరాదు. మధుమేహము, స్థూలకాయము ఉన్నవారి కాలేయమునకు కొద్ది మద్యము కూడా ఎక్కువ హాని చేస్తుంది. వాహనము నడపబోయేవారు ఒక చుక్క కూడా ముట్టరాదు.

ఏళ్ళ తరబడి ప్రతిదినము ఎక్కువగా త్రాగుతున్నవారు మాత్రము ఒక్కసారిగా తమంతట తాము మానివేయరాదు. చేతుల వణుకు, మూర్ఛలు, మతిభ్రమ రావచ్చును. అవి ప్రాణము తీయగలవు. వైద్యుని పర్యవేక్షణలో మందులతో మానాలి.

మిగిలినవారు ఒక పని చేయండి. సీసా మీద ఉన్న మిల్లీలీటర్లను ఆల్కహాలు శాతముతో గుణించి, 100తో భాగించి, వచ్చినదానిని 0.79తో గుణించండి. అవి గ్రాములు. నాలుగు వారములు ప్రతి సీసాను ఇంట్లోని క్యాలెండరు మీద అందరికీ కనిపించేటట్లు వ్రాయండి. ఆ కాగితమును తీసుకొని మీ వైద్యుని వద్దకు వెళ్ళండి. "తేలికపాటిదే" అన్న మాట కంటె ఆ కాగితము ఆయనకు ఎక్కువ ఉపయోగపడుతుంది.