కంచె అవతల ప్లమ్ చెట్టు

మీ పెరట్లోకి తొంగి చూశాననుకోకండి. కంచె పలక ఒకటి ఊడింది, నా కళ్ళేమో ఊరుకోవు. ఆ ప్లమ్ చెట్టు కాపేమిటండీ! ఆకులకంటే పిందెలే ఎక్కువున్నాయి.

శాన్‌హోసేలో ఇల్లు కొనగానే మనవాళ్ళు ముందు పెట్టేది కరివేపాకు మొక్క. చలికాలమంతా దానికి దుప్పటి కప్పి పసిపిల్లలా సాకుతాం. ప్లమ్‌కి ఆ బాధ లేదు, దానికి చలే కావాలి. శాంటా రోజా రకమైతే ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో 45 డిగ్రీలకి దిగువన సుమారు 300 గంటలు నిద్రపోవాలి, అప్పుడే సరిగ్గా పూస్తుంది. మన బెజవాడలో అంత చలి ఎక్కడిది చెప్పండి!

మీదీ శాంటా రోజాయే కదూ? ఆ పేరున్న ఊరు ఇక్కడికి కారులో రెండు గంటలు. అక్కడి లూథర్ బర్బాంక్ అనే ఆయన జపాన్ మొక్కలు తెప్పించి, వాటితో సంకరం చేసి, 1906లో ఈ రకం తెచ్చాడు. యోగానంద గారు ‘ఒక యోగి ఆత్మకథ’ అంకితమిచ్చింది ఈయనకే. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా అత్తగారు చెప్పులు విప్పిగానీ మా చెట్టుకి నీళ్ళు పోయరు. మహానుభావుడి చెట్టట! ఆవిణ్ణి కాదనేదెవరు?

ఆ, పిందెల మాట కదూ. దీనికి జత చెట్టు లేకపోయినా ఒంటరిగానే కాస్తుంది, అదీ విరగకాస్తుంది. కాయకీ కాయకీ మధ్య నాలుగైదు అంగుళాలు ఉండేలా ఇప్పుడే తుంచెయ్యాలి. లేకపోతే పళ్ళు చిన్నవైపోతాయి, కొమ్మలు బరువుకి విరుగుతాయి. మీవారు ఒక్కటి కూడా తుంచనివ్వరని నాకు తెలుసులెండి. నిరుడు కొమ్మ విరిగిన చప్పుడు మా వంటింట్లోకి వినపడింది.

అన్నీ ఉంచుకుని మాత్రం ఏం చేస్తారు? జూన్ చివర్లో ఒక్కసారే పండి కూర్చుంటాయి. అప్పుడు వీధిలో సంచులు పట్టుకుని ఇచ్చేవాళ్ళేగానీ పుచ్చుకునేవాళ్ళుండరు. తలుపు కొడితే లోపల టీవీ ఆపేసేవాళ్ళు కూడా ఉన్నారు, పేర్లెందుకు! కాస్త ముందుగా, గట్టిగా పుల్లగా ఉన్నప్పుడే నాలుగు కోసి, టెంక తీసేసి కందిపప్పులో వేసి చూడండి. మామిడికాయ లేని లోటే గుర్తురాదు.

సరే, శనివారం మీవారు నడకకి వెళ్ళగానే ఓ కేక వెయ్యండి. కత్తెర నేను తెస్తాను.