ఏటి ఒడ్డున కొయ్య బడి

పిల్లలూ, మీ బడి కిటికీలోంచి చూస్తే ఏం కనిపిస్తుంది? ఆటస్థలమా? వేపచెట్టా? ఎదురింటి గోడా? జపాను దేశంలో ఒక బడి ఉన్నది. దాని గ్రంథాలయంలోంచి వసారాలోకి అడుగుపెడితే, కాళ్ళ కింద ఏరు పారుతూ ఉంటుంది! రండి, ఆ బడి చూసి వద్దాం.

జపానులోని నాలుగు పెద్ద దీవులలో అన్నిటికన్న చిన్నది షికోకు. దాని పడమటి తీరాన యవతహామా అనే పట్నం ఉన్నది. అక్కడి కొండవాలులు కమలాపండ్ల తోటలకు పేరుపొందాయి. ఆ ప్రాంతంలోనే, కికి అనే ఏటి ఒడ్డున, హిజుచి ప్రాథమిక పాఠశాల ఉన్నది.

దీనిని కట్టించినది మత్సుమురా మసత్సునె అనే వాస్తుశిల్పి. ఆయన ఆ పట్నపు పురపాలక సంఘంలో ఉద్యోగి. నడిమి భవనం 1956లోనూ, తూర్పు భవనం 1958లోనూ పూర్తి అయినాయి. రెండూ కొయ్యవే.

గదికి ఒక్కవైపే కిటికీలుంటే ఏమవుతుంది? కిటికీ పక్క కూర్చున్నవాడికి వెలుతురు, అవతలివాడికి మసక! అందుకని ఆయన తూర్పు భవనంలో నడవను తరగతులకు ఆనించకుండా, నడుమ కాస్త ఖాళీ జాగా వదిలాడు. దానితో ప్రతి గదికీ రెండువైపులనుంచీ వెలుతురు వచ్చింది. చిన్న కాళ్ళకు శ్రమ లేకుండా మెట్లు కూడా తక్కువ ఎత్తున కట్టించాడు.

2004లో పెద్ద తుపాను వచ్చి ఈ బడిని దెబ్బ తీసింది. అప్పుడు ఊళ్ళో వాదం బయలుదేరింది. "పాతబడిన కొయ్య భవనం. మళ్ళీ తుపాను వస్తేనో? భూకంపం వస్తేనో? కూలగొట్టి కొత్తది కట్టాలి," అన్నారు కొందరు. "ఇటువంటి బడి మళ్ళీ కట్టగలమా? దీన్నే బాగుచేయాలి," అన్నారు మరికొందరు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. బడి ఎంత అందమైనదైనా, పిల్లల ప్రాణాలకన్న ఎక్కువ కాదు కదా!

చివరకు ఇద్దరి మాటా నెగ్గింది. పాత బడిని నిలుపుకుంటూనే, భూకంపానికి తట్టుకునేటట్టు దానికి బలం చేకూర్చారు. దెబ్బతిన్న భాగాలను బాగుచేశారు. అయితే, యాభై ఏళ్ళనాటి గదులు ఈనాటి చదువుకు చాలవు. అందుకని పడమటి వైపున కొత్త తరగతులతో మరొక భవనం కట్టారు. అదీ కొయ్యదే! 2009లో పని ముగిసింది. పిల్లలు మళ్ళీ అక్కడే పాఠాలు చదువుకున్నారు.

2012లో ఈ పనికి ప్రపంచ కట్టడాల నిధి బహుమానం వచ్చింది. అదే సంవత్సరం జపాను ప్రభుత్వం ఈ బడిని ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా ప్రకటించింది.

పాత భవనాలను నిలపాలంటే, తాళం వేసి దాచనక్కరలేదు. వాటిలో క్షేమంగా మసలుకునే వీలు కల్పించాలి. రేపు మీ బడికి వెళ్ళినప్పుడు ఒకసారి చుట్టూ చూడండి. వెలుతురు ఎటునుంచి వస్తున్నది? మెట్లు ఎవరి కాళ్ళకు సరిపోతాయి? మీ బడిని కట్టినవారు మిమ్మల్ని ఎంతగా తలుచుకున్నారో మీకే తెలుస్తుంది.