ఢిల్లీలో వనభోజనం

కార్తికమాసంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం చేయడం మనకు అలవాటే. మా ఊళ్లో ఆ రోజు ఆడవాళ్లు తెల్లవారకముందే లేచి పులిహోర కలిపేవారు. తోట చేరేసరికి వాళ్లకు కునుకు పట్టేది. ఢిల్లీలో నేను జనవరి ఆదివారాలు లోదీ తోటకు వెళ్తాను. ఆ రోజు వంట మాత్రం చేయను, ఎవరినీ చేయనివ్వను.

అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు ఇందుకు ఒప్పుకోలేదు. "అంగడి తిండితో వనభోజనం ఏమిటే?" అంది. సంచీ చేతికిచ్చి వెంటబెట్టుకు వెళ్లాను. వీధి చివరి బేకరీలో రొట్టె, పాల బూత్‌లో పెరుగు, బండి మీద కిన్నో పండ్లు, జామకాయలు తీసుకున్నాం. వేరుసెనగలు అప్పుడే వేయించినవి పొట్లం కట్టించాం. మిఠాయి దుకాణంలో గజక్ కొన్నాం. నువ్వులు, బెల్లం కలిపి దంచి చేసే ఈ మిఠాయి చలికాలపు సరుకు. అమ్మ ఒక ముక్క నమిలి, "మన నువ్వుల జీడికి చుట్టమే" అంది. బేరాలన్నీ తెలుగులోనే ఆడింది!

సమోసాలు అన్నిటికన్నా చివర కొనండి. మూత బిగించిన డబ్బాలో మెత్తబడిపోతాయి, కాగితపు సంచిలోనే ఉంచండి. కత్తి, ఉప్పు, దుప్పటి, చెత్తకు ఒక సంచి ఇంటినుంచి తెచ్చుకుంటే చాలు.

1517లో మరణించిన సికందర్ లోదీ సమాధి దగ్గర పచ్చికలో దుప్పటి పరిచాం. తినడం కాగానే అమ్మ లేచి ఆ ప్రహరీ వెంట నడిచింది. గుమ్మటం కింద నిలబడి చాలాసేపు తలెత్తి చూసింది. ఏ వనభోజనంలోనూ ఆమె అలా తిరగడం నేను చూడలేదు. పిలిస్తే, "వస్తానుండవే" అంది.