పటంలో లేని దేశాల సభ

పిల్లలూ! ప్రయాణమంటే ఏమిటి? రైలో బస్సో ఎక్కాలి, దారిలో తినడానికి పులిహోర కట్టుకోవాలి, దిగగానే బస చూసుకోవాలి. కాని నేను ఇప్పుడు చెప్పబోయే చోటికి ఇవేవీ అక్కరలేదు. మా ఇంటి వసారాలో పడక కుర్చీలో కూర్చునే వెళ్ళి వచ్చాను. అలాగని అది కల కాదు, కట్టుకథా కాదు.

ఆ చోటి పేరు నేషన్‌స్టేట్స్. కంప్యూటర్లో, ఇంటర్నెట్ మీద ఆడే ఆట అది. మాక్స్ బారీ అనే ఆస్ట్రేలియా రచయిత 2002 నవంబరులో దాన్ని మొదలుపెట్టాడు. "జెన్నిఫర్ గవర్నమెంట్" అనే తన నవల వెలువడబోతూంటే, దానికి ప్రచారంగా ఉంటుందని ఈ ఆట తయారుచేశాడు. నవల 2003లో వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటినా ఆట మాత్రం నడుస్తూనే ఉన్నది.

నాకు దారి చూపినది ఇంటర్మీడియేట్ చదువుతున్న మా మనవరాలు. వాళ్ళ అమ్మానాన్నల అనుమతితో ఆ లోకంలో ఒక దేశం పెట్టుకున్నది. అక్కడ ఎవరైనా ఒక దేశాన్ని స్థాపించవచ్చు. దేశానికి పేరు పెట్టాలి, జెండా ఎంచుకోవాలి, జాతీయ జంతువేదో, నాణెం పేరేమిటో చెప్పాలి. మా మనవరాలు దేశానికి మా ఊరి చెరువు పేరు పెట్టి, జాతీయ జంతువుగా గేదెను ఎన్నుకున్నది. "పులి, సింహం అందరూ పెట్టుకుంటారు, తాతయ్యా! గేదె అయితే పాలిస్తుంది," అన్నది.

కొత్త దేశాలు పుట్టడానికి ఆ లోకంలో ప్రత్యేకంగా కొన్ని ప్రాంతాలున్నాయి. వాటిలో ఐదింటికి పసిఫిక్ అనే పేరు. ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర పసిఫిక్‌లు నాలుగు. ఉత్త పసిఫిక్ ఒకటి. పుట్టిన దేశం అక్కడే ఉండిపోవచ్చు, మరో ప్రాంతానికి తరలిపోవచ్చు. రోజూ ప్రభుత్వం ముందుకు ఏదో ఒక చిక్కు వస్తుంది. పన్ను పెంచాలా? అడవి కొట్టాలా? పత్రికల నోరు నొక్కాలా? మనం ఇచ్చే జవాబును బట్టి దేశం మారుతుంది. ఇందులో గెలుపూ ఓటమీ అంటూ లేవు. 28 రోజుల పాటు ఎవరూ వచ్చి చూడకపోతే మాత్రం దేశం మాయమవుతుంది. ఇల్లు చూసేవాళ్ళు లేకపోతే పాడుపడినట్టే అనుకోండి.

ఇవన్నీ చూసి నేను, "బొమ్మలపెళ్ళి లాగా ఉన్నదే!" అన్నాను. మా మనవరాలికి కోపం వచ్చింది. "సభ చూడకుండా ఆ మాట అనకు, తాతయ్యా," అని నన్ను సభకు తీసుకుపోయింది.

దాని పేరు ప్రపంచ సభ. మొదట్లో దాన్ని ఐక్యరాజ్యసమితి అనే పిలిచేవారు. తమ పేరూ, చిహ్నమూ వాడరాదని అసలు ఐక్యరాజ్యసమితి వారి నుంచి ఉత్తరం రావడంతో 2008లో పేరు మార్చారు. పాత తీర్మానాలన్నీ పోయి, మళ్ళీ ఒకటో నంబరు నుంచి లెక్క మొదలైంది. ఆట అయితేనేం, అసలు సమితి దాకా దాని సంగతి వెళ్ళిందన్నమాట!

ఆ సభలో చేరడం చేరకపోవడం మన ఇష్టం. ఒక మనిషికి ఎన్ని దేశాలున్నా, ఒక్క దేశాన్నే సభలో చేర్చాలి. చేరిన తరువాత సభ చేసిన తీర్మానానికి కట్టుబడి తీరాలి. నచ్చకపోతే సభ వదిలి వెళ్ళవచ్చు గాని, లోపల ఉండి "నాకు వర్తించదు" అనడానికి వీలు లేదు. మన అసలు లోకంలో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ చేసే తీర్మానాలు చాలావరకు సలహాల వంటివి. ఏ దేశాన్నీ బలవంతపెట్టవు. ఈ ఆటలోని సభకే ఆ అధికారం ఎక్కువ.

అధికారం ఎక్కువ గనుక అడ్డుగోడలు కూడా ఎక్కువే. తీర్మానం ప్రతిపాదించాలంటే ముందు సభలోని మరి రెండు దేశాలు మనకు మద్దతు ఇవ్వాలి. ఆపైన ప్రాంతాల ప్రతినిధులలో నూటికి ఆరుగురైనా "ఇది చర్చకు తగినదే" అని ఒప్పుకోవాలి. అప్పుడు గాని ఓటుకు రాదు. ఓటింగు నాలుగు రోజులు జరుగుతుంది. పాత తీర్మానాలకు విరుద్ధంగా వ్రాయరాదు. ఉన్నదాన్నే మళ్ళీ వ్రాయరాదు. మన లోకంలోని దేశాల పేర్లు, మనుషుల పేర్లు అందులో రారాదు. అన్నిటికంటె కఠినమైన నిబంధన ఏమిటంటే, ఒకసారి నెగ్గిన తీర్మానంలో ఒక్క అక్షరం కూడా దిద్దడానికి వీలు లేదు. తప్పు దొర్లితే మొత్తం రద్దు చేసి, మళ్ళీ మొదటి నుంచి రావాలి.

అందుచేత అనుభవమున్నవారు ముందుగా చిత్తుప్రతిని అందరి ముందూ పెడతారు. "ఇందులో తప్పులు పట్టండి," అని అడుగుతారు. తప్పులు పట్టేవారికి ఆ లోకంలో కొదవ లేదు!

మా మనవరాలు కూడా ఒక తీర్మానం వ్రాయడానికి పూనుకున్నది. దానికి కొంత కారణం నేనే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలాదిమంది చనిపోయారు. తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలను గురించి ఆ రోజుల్లో పెద్దలు చెప్పుకున్న మాటలు నేను దానికి చాలాసార్లు చెప్పాను. అవి మనసులో పెట్టుకుని ఇంగ్లీషులో వ్రాసింది. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉన్నది:

"ప్రతి దేశమును, వరదలలో తప్పిపోయిన తన పౌరులైన పిల్లలను వీలైనంత త్వరగా తల్లిదండ్రుల యొద్దకు చేర్చవలెను."

నేను చదివి, "భేషుగ్గా ఉన్నది!" అన్నాను. ముప్పై ఏళ్ళు పిల్లల వ్యాసాలు దిద్దినవాణ్ణి గదా. అందులో అక్షరదోషం లేదు, వ్యాకరణదోషం లేదు.

మర్నాటికి జవాబులు వచ్చాయి. మొదటివాడు ఇలా అడిగాడు: "వీలైనంత త్వరగా అన్నారు. మా దేశానికి పదేళ్ళ దాకా వీలు కాదు. అప్పుడు నేను తీర్మానాన్ని పాటించినట్టా, పాటించనట్టా?"

మా మనవరాలు ఆ మాట కొట్టేసి, "మూడు రోజులలో" అని వ్రాసింది. వెంటనే ఇంకొకరు, "దారులన్నీ కొట్టుకుపోయిన చోట మూడు రోజుల్లో ఎలా చేర్చడం? చేయలేని పని చెబితే ఎవరూ చేయరు," అన్నారు. అప్పుడు "దారులు తెరిచిన మూడు రోజులలో" అని మార్చింది.

మరొకరు, "వరదలని మాత్రమే వ్రాశారు. భూకంపంలో తప్పిపోయిన పిల్లల మాటేమిటి?" అన్నారు. "పిల్లలంటే ఎన్నేళ్ళ లోపువారు?" అని ఇంకొక ప్రశ్న. ఇది చిన్న చిక్కు కాదు. ఆ లోకంలో కొందరు తమ దేశంలో మనుషులే లేరనీ, అందరూ మరమనుషులో, మాట్లాడే జంతువులో అనీ ఊహించుకుని ఆడుతారు. అక్కడ ఏడాదికే పెద్దవాళ్ళయ్యే జాతి ఉండవచ్చు. అందుకని "ఆ దేశపు చట్టప్రకారం యుక్తవయస్సు రానివారు" అని వ్రాయవలసి వచ్చింది.

ఇంతవరకు నేను నవ్వుకుంటూ చూస్తున్నాను. ఆ తరువాత వచ్చిన ప్రశ్నతో నవ్వు ఆగిపోయింది.

"తన పౌరులైన పిల్లలు అన్నారు. వరద సరిహద్దు చూసుకుని పారదు గదా. పై దేశం నుంచి కొట్టుకువచ్చిన పిల్లవాణ్ణి ఎవరు చేర్చాలి? తల్లిదండ్రుల యొద్దకు అన్నారు. తల్లీ తండ్రీ ఇద్దరూ వరదలో పోతే ఆ పిల్లవాణ్ణి ఎక్కడికి చేర్చాలి?"

మా మనవరాలు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చిన్న గొంతుతో, "తాతయ్యా! అసలు వాళ్ళ కోసమే గదా నేను ఇది మొదలుపెట్టింది. వాళ్ళనే మరచిపోయాను," అన్నది.

నేను ఏమీ అనలేకపోయాను. ఎందుకంటే నాకు ఒక పాత సంగతి గుర్తుకు వచ్చింది. మీకూ చెబుతాను.

నేను ప్రధానోపాధ్యాయుడిగా కొత్తగా చేరిన రోజులవి. పిల్లలను నాగార్జునకొండకు విహారయాత్రకు తీసుకుపోవాలని నిర్ణయించాం. నేను స్వయంగా ఒక నోటీసు వ్రాసి గోడకు అంటించాను: "తండ్రి సంతకము తెచ్చినవారు మాత్రమే యాత్రకు రావలెను." పిల్లల క్షేమం కోసమే వ్రాశాను. ఏడో తరగతిలో చురుకైన కుర్రవాడు ఒకడు ఉండేవాడు. యాత్రనాడు వాడు రాలేదు. అడిగితే, కడుపునొప్పి అని తోటివాళ్ళు చెప్పారు. లాంచీలో కృష్ణ దాటాం, కొండ మీద మ్యూజియం చూశాం, సంతోషంగా తిరిగి వచ్చాం.

వారం తరువాత వాడి తల్లి బడికి వచ్చింది. "మాస్టారండీ! వీడికి ఊహ తెలియకముందే వాళ్ళ నాన్న పోయారండి. నా సంతకం చెల్లదని వీడు కాగితం నాకు చూపించనే లేదండి. నిన్న పుస్తకాల్లో దొరికింది," అన్నది. ఆమె నన్ను తప్పు పట్టలేదు. పడితే బాగుండేది. ఆ సాయంత్రమే నోటీసు మార్చి, "తల్లి గాని, తండ్రి గాని, పెంచినవారు గాని" అని వ్రాశాను. కాని ఆ సంవత్సరపు యాత్ర అయిపోయింది గదా!

ఇలాంటి పొరపాటు నా వంటి పల్లెటూరి మాస్టరే కాదు, ప్రపంచపు పెద్దలు కూడా చేయబోయారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన ఒకటి తయారుచేయించింది. దాని చిత్తుప్రతిలో మొదటి వాక్యం "ఆల్ మెన్" అనే మాటతో మొదలయింది. "మెన్" అంటే పురుషులు. మనుషులందరికీ కలిపి ఆ మాటే వాడడం ఇంగ్లీషులో అలవాటు గనుక, చాలామందికి అందులో దోషం కనపడలేదు. ఆ సంఘంలో మన దేశం తరఫున కూర్చున్నది హంసా మెహతా. సూరతులో 1897లో పుట్టిన గుజరాతీ మహిళ; మన రాజ్యాంగ సభలోనూ సభ్యురాలు. ఆ మాట పట్టుకుని, స్త్రీలకు ఇది వర్తించదని వాదించే దేశాలు ఉంటాయని ఆమె గ్రహించింది. "ఆల్ హ్యూమన్ బీయింగ్స్", అంటే "మానవులందరూ" అని మార్చాలని పట్టుబట్టింది. అలాగే మార్చారు.

1948 డిసెంబరు 10న పారిస్ నగరంలో ఆ ప్రకటనను ఓటుకు పెట్టారు. 48 దేశాలు అవునన్నాయి, 8 దేశాలు తటస్థంగా ఉన్నాయి, కాదన్న దేశం ఒక్కటి కూడా లేదు. మొత్తం 30 అధికరణాలు. మొదటి అధికరణంలో ఆ మార్పు ఈనాటికీ ఉన్నది.

ఈ కథ చెప్పగానే మా మనవరాలు నవ్వింది. "మా సభలో అయితే మానవులన్నా చాలదు, తాతయ్యా! మరమనుషులు ఊరుకోరు. అందుకే చాలామంది 'వ్యక్తులు' అని వ్రాస్తారు," అన్నది. ఆ మాట ఆటకే అయినా, ఆలోచించదగ్గదే.

తరువాత మూడు వారాలు కూర్చుని, పాత తీర్మానాలు వెతుకుతూ, వచ్చిన ప్రశ్నలన్నిటికీ జవాబు చూసుకుంటూ ఎనిమిది ప్రతులు వ్రాసింది. చివరికి ఇలా తేలింది: "ఉపద్రవము వలన తమవారికి దూరమైన పిల్లలు ఏ దేశమువారైనను, వారున్న దేశమే వారిని కాపాడవలెను. దారులు తెరచిన మూడు రోజులలో తల్లి వద్దకు గాని, తండ్రి వద్దకు గాని, పెంచినవారి వద్దకు గాని పంపవలెను. ఎవరును లేని యెడల, ఉన్న దేశము వారిని తన పిల్లలతో సమానముగా పెంచవలెను."

మొదటి ప్రతి కన్న ఇది అందంగా లేదు. చదువుతూంటే గొంతు ఆగుతుంది. కాని ఇందులో నుంచి జారిపోయే పిల్లవాడు నాకు కనపడలేదు.

మరి నెగ్గిందా అని అడుగుతారు. ఓటు దాకా రాలేదు. కావలసినంతమంది ప్రతినిధులు గడువులోగా ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం మా మనవరాలు సరిగా అన్నం తినలేదు. తెల్లవారి చూద్దును గదా, నోటుపుస్తకం మీద "9వ ప్రతి" అని వ్రాసుకుని, ఎవరెవరికి విన్నపాలు పంపాలో జాబితా వేసుకుంటున్నది. బొమ్మలపెళ్ళి అన్న మాటను నేను వెనక్కు తీసుకున్నాను.

పిల్లలూ! ఆ లోకానికి వెళ్ళడానికి మీలో కొందరికి వయస్సు చాలకపోవచ్చు, కంప్యూటరు లేకపోవచ్చు. ఫరవాలేదు. మీ తరగతి గ్రంథాలయానికి గాని, మీ వీధిలో ఆడే క్రికెట్టుకు గాని ఒక్క నిబంధన వ్రాయండి. ఒక్క వాక్యం చాలు. దాన్ని మీ స్నేహితుడికి ఇచ్చి, "బాగుందా?" అని అడగకండి. "దీనివల్ల ఎవరు బయట ఉండిపోతారు?" అని అడగండి. వాడు ఒక్క పేరు చెప్పినా, కాగితం వెనక్కు తీసుకుని మళ్ళీ వ్రాయండి. గోడకు అంటించడం ఆ తరువాత చూసుకోవచ్చు.